రుయ్ కోస్టా: గోలుకు ముందు జరిగే పని

(గ్రంథాలయ సమావేశ మందిరంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

పెద్దలకు నమస్కారం. మైదానం నుంచి నేరుగా బూట్లతోనే వచ్చి వెనక వరుసలో కూర్చున్న కుర్రాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. ముందుకు రండి నాయనా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

పోర్చుగల్ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు. ఆ వెనక వరుసలోనే ముగ్గురి చొక్కాల మీద 7 అంకె కనిపిస్తోంది. రొనాల్డో గొప్పవాడు, అందులో వాదన లేదు. అయితే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది గోలుకు ఒక్క క్షణం ముందు బంతి ఎవరి కాలి దగ్గర ఉందో ఆ మనిషి గురించి. రుయ్ కోస్టా గురించి.

ఒక లెక్క చెబుతాను, వినండి. రుయ్ కోస్టా ఇటలీలోని ఏసీ మిలాన్ జట్టులో ఐదేళ్లు ఆడాడు. లీగ్‌లో 124 మ్యాచ్‌లు. ఆ 124 మ్యాచ్‌లలో అతను కొట్టిన గోల్స్ ఎన్ని? ఎవరైనా చెప్పండి. ముప్పై? ఇరవై? కాదు. నాలుగు. ఐదేళ్లలో నాలుగే నాలుగు గోల్స్. ఈ లెక్క మాత్రమే చూసినవాడు ఏమంటాడు? ఈ మనిషికి అంత డబ్బు ఎందుకు పోశారు అంటాడు. ఆ ఐదేళ్లలోనే ఆ జట్టు యూరప్ చాంపియన్ అయింది, ఇటలీ చాంపియన్ అయింది. అతను మైదానంలో ఉన్నప్పుడు జరిగింది ఏమిటో అతని పేరు కింద రాసిన అంకెల్లో దొరకదు. అతని పాస్‌లు అందుకుని గోల్స్ కొట్టిన ఇన్జాగి, షెవ్‌చెంకో, అంతకు ముందు బతిస్తుతా పేర్ల కింద వెతకాలి. ఆ వెతుకులాటే ఈ ప్రసంగం.

మొదటి నుంచి వస్తాను. లిస్బన్‌ను ఆనుకుని అమడోరా అనే ఊరు ఉంది. రుయ్ కోస్టా అక్కడివాడు, 1972 మార్చి 29న పుట్టాడు. వాళ్ల పేట పేరు దమైయా. ఐదేళ్ల వయసులోనే ఆ పేట క్లబ్బులో చేరాడు. అక్కడ ఆడింది పెద్ద మైదానంలో కాదు, చిన్న కోర్టులో, గట్టి నేల మీద. చిన్న కోర్టులో ఆడినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి మీకు నేను వివరించనక్కర్లేదు. బంతి అందేసరికే ఒకడు మీద పడతాడు. అందుకున్నాక ఆలోచిద్దామంటే కుదరదు, అందుకోకముందే ఆలోచన అయిపోవాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పెద్దయ్యాక అతను ఎనభై వేల మంది ముందు ఆడినప్పుడు కూడా ఇదే చేశాడు. బంతి వచ్చే ముందు ఒకసారి తల తిప్పి చూసేవాడు. అంతే. ఆ తర్వాత ఇక బంతిని చూడాల్సిన అవసరం అతనికి ఉండేది కాదు, తల పైకెత్తి మనుషులనే చూసేవాడు.

తర్వాత బెన్ఫికా క్లబ్బులో పిల్లల ఎంపిక. ఆ పిల్లల ఆటను చూస్తున్నవాడు ఎవరనుకుంటున్నారు? యూసేబియో. 1966 ప్రపంచ కప్‌లో 9 గోల్స్ కొట్టిన యూసేబియో. పది నిమిషాలు చూడగానే ఈ పిల్లవాడు చాలు అన్నాడని చెబుతారు. అలా బెన్ఫికాలో చేరాడు. అక్కడే పెరిగాడు. పద్దెనిమిదేళ్లకు అతన్ని ఒక సీజన్ పాటు ఫాఫె అనే చిన్న ఊరి జట్టుకు పంపారు. దేశానికి ఉత్తరాన, కింది శ్రేణి లీగ్. పెద్ద క్లబ్బులో బెంచీ మీద కూర్చోవడం కన్నా చిన్న ఊళ్లో పెద్దవాళ్ల మోచేతి దెబ్బలు తింటూ వారం వారం ఆడడం మంచిదని నా అభిప్రాయం. ఆ ఒక్క సీజన్ అతనికి ఎంతో మేలు చేసింది. అక్కడి నుంచే కార్లోస్ కెరోస్ శిక్షణలోని పోర్చుగల్ యువ జట్టులోకి వెళ్లాడు.

ఇక 1991 జూన్ 30. ఈ తేదీ రాసుకోండి. ఇరవై ఏళ్ల లోపువారి ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. లిస్బన్‌లో, బెన్ఫికా వాళ్ల పాత లూజ్ స్టేడియంలో. ప్రత్యర్థి బ్రెజిల్. ఆ బ్రెజిల్ జట్టులో రాబర్టో కార్లోస్ ఉన్నాడు, ఎల్బర్ ఉన్నాడు. పోర్చుగల్ జట్టులో ఫిగో ఉన్నాడు, జువావ్ పింటో ఉన్నాడు, జార్జ్ కోస్టా ఉన్నాడు. చూడడానికి వచ్చినవాళ్లు 1,27,000 మంది. కుర్రాళ్ల మ్యాచ్‌కు లక్షా ఇరవై ఏడు వేల మంది! రెండు గంటలు ఆడినా ఎవరూ గోలు కొట్టలేదు. పెనాల్టీలు వచ్చాయి. పోర్చుగల్‌ను గెలిపించే కిక్కు కొట్టడానికి నడిచి వెళ్లినవాడు పందొమ్మిదేళ్ల రుయ్ కోస్టా. కొట్టాడు. 4–2. పోర్చుగల్ ప్రపంచ విజేత.

ఆ కుర్రాళ్లనే బంగారు తరం అన్నారు. ఆ పేరు వాళ్ల మెడకు ఒక బరువై కూర్చుంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

బెన్ఫికా పెద్ద జట్టులో మూడేళ్లు ఆడాడు. 1993లో బోవిష్టాను 5–2తో ఓడించి పోర్చుగల్ కప్పు గెలిచారు. 1994లో లీగ్ గెలిచారు. బాగుంది కదా? బయటికి బాగుంది. లోపల క్లబ్బు ఖజానా ఖాళీ. 1993 వేసవిలోనే పావ్లో సౌజా, పషెకో అనే ఇద్దరు ఆటగాళ్లు, జీతాలు సరిగా అందడం లేదని, అదే ఊళ్లోని ప్రత్యర్థి స్పోర్టింగ్‌కు వెళ్లిపోయారు. ఒకే ఊళ్లో ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు! ఆ గాయం మానకముందే, లీగ్ గెలిచిన వేసవిలోనే రుయ్ కోస్టాను ఇటలీకి అమ్మేశారు. ఇరవై రెండేళ్లు. చిన్నప్పటి నుంచి అభిమానించిన జట్టు. అతను ఆట బాగా ఆడడం వల్లనే అమ్ముడుపోయాడు, ఎందుకంటే అమ్మితే డబ్బు వచ్చే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది.

కొన్నది ఫియోరెంటీనా. ఫ్లోరెన్స్ నగరం జట్టు, ఊదా రంగు జెర్సీ. అప్పుడే రెండో శ్రేణి నుంచి పైకి వచ్చిన జట్టు. కోచ్ క్లాడియో రానియేరి. ముందు వరుసలో అర్జెంటీనా ఆటగాడు గాబ్రియెల్ బతిస్తుతా. అప్పటి ఇటలీ లీగ్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ప్రపంచంలో డబ్బంతా, ఆటగాళ్లంతా, అన్నిటికన్నా ముఖ్యంగా డిఫెండర్లంతా అక్కడే. మిలాన్‌లో బరేసీ, మాల్దినీ. ఆ గోడల మధ్య సందు వెతకాలి. అటువంటి చోటికి వెళ్లి ఏడేళ్లు ఉండి, లీగ్‌లోనే 215 మ్యాచ్‌లు ఆడి, 38 గోల్స్ కొట్టాడు.

కానీ ముఖ్యమైనది ఆ 38 కాదు. బతిస్తుతా ఉన్నాడే, అతని పరుగు చూశారా? డిఫెండర్ భుజం పక్కనే నిలబడి ఉంటాడు, ఏమీ పట్టనట్టు. ఒక్కసారిగా కదులుతాడు. ఆ కదలిక మొదలైన క్షణంలోనే బంతి బయలుదేరాలి. అర క్షణం ముందైతే గోల్‌కీపర్ చేతికి పోతుంది, అర క్షణం ఆలస్యమైతే ఆఫ్‌సైడ్. రుయ్ కోస్టా ఆ కదలికను బతిస్తుతా భుజంలో పసిగట్టేవాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు అంటారు. బతిస్తుతాకు ఆ అదృష్టం ఆరేళ్లు దక్కింది.

ఫలితం ఏమిటి? 1996లో అట్లాంటాను రెండు మ్యాచ్‌లలోనూ ఓడించి ఇటలీ కప్పు గెలిచారు. అదే ఏడాది ఇటలీ సూపర్ కప్పు కూడా, మిలాన్ సొంత మైదానంలో మిలాన్‌నే 2–1తో ఓడించి. రెండు గోల్స్ బతిస్తుతావే.

ఆ 1996 వేసవిలోనే ఒక స్నేహపూర్వక మ్యాచ్ జరిగింది. లిస్బన్‌లో, అదే లూజ్ స్టేడియంలో, బెన్ఫికాతో ఫియోరెంటీనా. పాయింట్లు లేవు, కప్పు లేదు. రుయ్ కోస్టా గోలు కొట్టాడు. కొట్టి ఏడ్చాడు. రెండు చేతులు ఎత్తి గంతులు వేయాల్సినవాడు ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. తమ జట్టు మీద గోలు పడినందుకు కోప్పడాల్సిన బెన్ఫికా ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇది నాటకం అంటారా? కొందరు అన్నారు. పదేళ్ల తర్వాత జరిగింది కూడా విని, అప్పుడు చెప్పండి నాటకమో కాదో.

ఫ్లోరెన్స్‌లో లీగ్ టైటిల్‌కు బాగా దగ్గరగా వచ్చింది 1998–99లో. కోచ్ ట్రపట్టోని. సగం సీజన్ అయ్యేసరికి పట్టికలో మొదటి స్థానం. ఊరంతా ఊదా రంగు. ఫిబ్రవరిలో బతిస్తుతాకు గాయమైంది. సరే, రెండో ఫార్వర్డ్ బ్రెజిల్ ఆటగాడు ఎడ్మండో ఉన్నాడు కదా అనుకుంటే, అతను రియోలో కార్నివాల్ ఉత్సవానికని వెళ్లిపోయాడు! అవును, లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న జట్టును వదిలి పండగకు వెళ్లాడు. పాస్ ఇచ్చేవాడు ఉన్నాడు, అందుకునేవాళ్లు లేరు. చివరికి మూడో స్థానం. ఆ మూడో స్థానంతో చాంపియన్స్ లీగ్‌కు వెళ్లి, వెంబ్లీలో ఆర్సెనల్‌ను 1–0తో, సొంత ఊళ్లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 2–0తో ఓడించారు. ఆ జట్టుకు కొదవ ఉన్నది ఆటలో కాదు.

2000లో బతిస్తుతా రోమాకు వెళ్లిపోయాడు. కెప్టెన్ పట్టీ రుయ్ కోస్టా చేతికి వచ్చింది. 2001 జూన్‌లో పార్మాను ఓడించి మళ్లీ ఇటలీ కప్పు గెలిచారు. కప్పు ఎత్తింది అతనే. ఫియోరెంటీనా గెలిచిన చివరి పెద్ద కప్పు ఇప్పటికీ అదే. ఇక తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించగలరు. క్లబ్బు అప్పుల్లో మునిగింది. మళ్లీ ఇంట్లో అమ్మగలిగిన వస్తువు ఏముంది? మళ్లీ అతనే. 8,500 కోట్ల లీరాలకు, అంటే దాదాపు 4.4 కోట్ల యూరోలకు, మిలాన్‌కు అమ్మారు. ఆ డబ్బు కూడా సరిపోలేదు. మరుసటి ఏడాదే క్లబ్బు దివాలా తీసింది. పేరు మార్చుకుని నాలుగో శ్రేణి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ప్రేమించిన రెండు క్లబ్బులూ అతన్ని అప్పులు తీర్చుకోవడానికే అమ్ముకున్నాయి. దీని మీద నాకు బాధ ఉంది. దాచుకోను.

దేశం తరఫున

ఇక్కడ క్లబ్బులు పక్కన పెట్టి, దేశం జట్టు సంగతి చెప్పాలి. బంగారు తరం అన్నాను కదా. కుర్రాళ్లుగా ప్రపంచ కప్పు గెలిచినవాళ్లు పెద్దవాళ్లుగా కూడా గెలవాలని దేశం కాచుకుని కూర్చుంది. 1996 యూరో కప్‌లో క్వార్టర్ ఫైనల్. చెక్ జట్టు ఆటగాడు పొబోర్స్కీ గోల్‌కీపర్ తల మీదుగా బంతిని ఎత్తి వేశాడు. ఇంటికి.

1997 సెప్టెంబరు 6. బెర్లిన్. ప్రపంచ కప్ అర్హత మ్యాచ్, జర్మనీతో. ఇది నిదానంగా చెబుతాను, ఎందుకంటే పోర్చుగల్‌లో ఈ మ్యాచ్ గురించి ఇప్పటికీ మాట్లాడతారు. పెడ్రో బార్బోజా గోలుతో పోర్చుగల్ 1–0 ముందంజలో ఉంది. కోచ్ ఆర్తుర్ జార్జ్ రుయ్ కోస్టాను బయటికి పిలిచి సెర్జియో కొన్సెయిసావ్‌ను లోపలికి పంపాలనుకున్నాడు. పలక ఎత్తారు. రుయ్ కోస్టా మైదానం అవతలి నుంచి నడుచుకుంటూ వస్తున్నాడు. పరుగెత్తలేదు, నడిచాడు. ముందంజలో ఉన్న జట్టు ఆటగాడు ఎవరు పరుగెత్తుతాడు? ఫ్రెంచ్ రెఫరీ మార్క్ బత్తా కాలయాపన చేస్తున్నావంటూ రెండో ఎల్లో కార్డు చూపించాడు. రెండు ఎల్లోలు అంటే రెడ్. బయటికి వస్తున్నవాడినే బయటికి పంపాడు! లోపలికి రావాల్సిన కొన్సెయిసావ్ గీత దగ్గరే ఆగిపోయాడు. పోర్చుగల్ పది మందితో మిగిలింది. కొద్ది నిమిషాల్లోనే కిర్స్టెన్ గోలు కొట్టాడు. 1–1. గ్రూపు ముగిసేసరికి రెండో స్థానంలోని ఉక్రెయిన్ కన్నా పోర్చుగల్‌కు ఒక్క పాయింటు తక్కువ. 1998 ప్రపంచ కప్‌కు ఆ తరం అసలు వెళ్లనే లేదు. నియమం ప్రకారం రెఫరీకి ఆ అధికారం ఉంది, కాదనను. కానీ ఆ అధికారాన్ని అక్కడ, ఆ మనిషి మీద, ఆ నడక మీద వాడాలా? నా జవాబు, వాడకూడదు.

సరే, ఇక సంతోషించే మాట. 2000 జూన్ 12, ఐండ్‌హోవెన్, యూరో కప్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్. పద్దెనిమిది నిమిషాలకే ఇంగ్లండ్ 2–0. ఫిగో దూరం నుంచి ఒకటి కొట్టాడు. రెండోది చూడండి. రుయ్ కోస్టా కుడి వైపు నుంచి బంతిని లోపలికి పంపాడు. నేల నుంచి మరీ ఎత్తుకు లేవని పాస్ అది, వేగంగా వెళ్లింది, గోలు నుంచి దూరంగా వంగుతూ వెళ్లింది. జువావ్ పింటో గాల్లోకి దూకి తలతో కొట్టాడు. అందరూ ఆ దూకుడు గురించే చెబుతారు. మీరు ఈసారి వీడియో చూసేటప్పుడు పింటోను చూడకండి, బంతిని చూడండి. డిఫెండర్‌కు అందదు, గోల్‌కీపర్‌కు అందదు, దూకినవాడికే అందుతుంది. అలాంటి చోటు ఆ మైదానంలో ఒక్కటే ఉంది, అక్కడే వేశాడు. మూడోది యాభై తొమ్మిదో నిమిషంలో. ఇంగ్లండ్ డిఫెండర్ల మధ్య నుంచి నూనో గోమెస్ ముందుకు ఒక పాస్. ఎంత బరువుతో వెళ్లాలో అంతే బరువుతో వెళ్లింది, గోమెస్ అడుగు మార్చుకోనక్కర్లేకుండా. 3–2. గోల్స్ పట్టికలో ఫిగో, పింటో, గోమెస్ పేర్లు ఉంటాయి. ఆ పట్టికలో రుయ్ కోస్టా పేరు కనపడదు.

ఆ టోర్నీలో సెమీఫైనల్ దాకా వెళ్లారు. ఫ్రాన్స్‌తో అదనపు సమయంలో చేతికి బంతి తగిలిందని పెనాల్టీ, జిదాన్ కొట్టాడు, గోల్డెన్ గోలు, ఆట అక్కడికక్కడే ముగిసింది. 2002 ప్రపంచ కప్ గురించి ఎక్కువ చెప్పను. అమెరికా చేతిలో, కొరియా చేతిలో ఓడి మొదటి దశలోనే వెనక్కి వచ్చారు.

ఇక మిలాన్‌కు వస్తాను. అక్కడ 10 నంబరు జెర్సీ ఇచ్చారు. కోచ్ అన్సెలోటి. 2002 నవంబరులో రియల్ మాడ్రిడ్ వచ్చింది. మధ్య మైదానం నుంచి రుయ్ కోస్టా ఒక పొడవాటి పాస్ వేశాడు, షెవ్‌చెంకో అందుకుని కొట్టాడు. 1–0. ఆ సీజన్ చివర, 2003 మే 28న, మాంచెస్టర్‌లో యువెంటస్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్. పెనాల్టీల్లో మిలాన్ గెలిచింది. ఆ రాత్రి మొదటి పదకొండు మందిలో రుయ్ కోస్టా ఉన్నాడు. ఆగస్టులో యూరప్ సూపర్ కప్పు, ప్రత్యర్థి పోర్టో. అతను ఎడమ నుంచో కుడి నుంచో ఎక్కడి నుంచైనా సరే, తల మీదికి బంతి వేస్తే షెవ్‌చెంకో తలతో కొట్టాడు, 1–0. మళ్లీ అదే కథ. గోలు షెవ్‌చెంకోది.

ఆ ఆగస్టులోనే బ్రెజిల్ నుంచి ఒక ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు వచ్చాడు. కాకా. రుయ్ కోస్టా ఆడే చోటే ఆడేవాడు. ఒక తేడా ఉంది. రుయ్ కోస్టా బంతిని పరుగెత్తించేవాడు, కాకా బంతితో పాటు తానే పరుగెత్తేవాడు. ఆట వేగం పెరుగుతున్న కాలం అది. మధ్యలో నిలబడి, తల పైకెత్తి, ఎవరు ఎక్కడున్నారో చూసుకునే వ్యవధిని డిఫెండర్లు ఇవ్వడం మానేశారు. కొన్ని నెలల్లోనే కాకా జట్టులో, రుయ్ కోస్టా బెంచీ మీద. 2004లో మిలాన్ లీగ్ గెలిచింది. అందులో అతని పాత్ర తక్కువే, ఒప్పుకోవాలి. వయసు ముప్పై రెండు.

దేశం జట్టులోనూ అదే జరిగింది. 2004 యూరో కప్, సొంత గడ్డ మీద. తొలి మ్యాచ్‌లో గ్రీస్ చేతిలో 1–2తో ఓడిపోయారు. కోచ్ స్కొలారి మరుసటి మ్యాచ్‌కు రుయ్ కోస్టాను తీసేసి, బ్రెజిల్‌లో పుట్టి పోర్చుగల్ పౌరసత్వం తీసుకున్న డెకోను పెట్టాడు. స్కొలారి చేసింది సరైన పనే. డెకో అప్పటికే పోర్టోతో యూరప్ చాంపియన్ అయి ఉన్నాడు. నేను రుయ్ కోస్టా అభిమానిని, అయినా చెబుతున్నాను, సరైన పనే.

జూన్ 24న ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్. మనకు అప్పుడు అర్ధరాత్రి దాటింది. పన్నెండుంపావుకు మొదలైంది. ఇక్కడ ఆ రాత్రి మేలుకున్నవాళ్లు చేతులెత్తండి. ఆ, బాగానే ఉన్నారు. కొత్తగా కట్టిన లూజ్ స్టేడియం. డెబ్బై తొమ్మిదో నిమిషంలో డిఫెండర్‌ను తీసి రుయ్ కోస్టాను దించారు. 1–1తో అదనపు సమయం. నూట పదో నిమిషం. మధ్యలో బంతి అందింది. ఎవరికి ఇస్తాడా అని చూశాం. జీవితమంతా ఇచ్చినవాడు కదా. ఇవ్వలేదు. తానే ముందుకు నడిపాడు. ఫిలిప్ నెవిల్ అడ్డు వచ్చి కాలు జారాడు. ఇంకో అడుగు వేసి కుడి కాలితో బాదాడు. బంతి పైనున్న కర్రకు లోపలి వైపు తగిలి వలలో పడింది. 2–1. ఐదు నిమిషాలకే లాంపార్డ్ సమం చేశాడు. మళ్లీ పెనాల్టీలు. 1991లో అదే పేరున్న స్టేడియంలో పెనాల్టీతో ప్రపంచ కప్పు తెచ్చిన మనిషి ఈసారి బంతిని కర్ర పై నుంచి కొట్టేశాడు. అంత గోలు కొట్టినవాడు! అదృష్టవశాత్తూ గోల్‌కీపర్ రికార్డో తొడుగులు తీసేసి, ఉత్త చేతులతో వాసెల్ కిక్కు ఆపి, తర్వాత తానే కిక్కు కొట్టి గెలిపించాడు.

ఫైనల్ జూలై 4న, అదే మైదానంలో, అదే గ్రీస్‌తో. హరిస్తియాస్ తలతో ఒక గోలు. రుయ్ కోస్టా మధ్యలో దిగాడు, ఏమీ చేయలేకపోయాడు. 0–1. దేశం తరఫున అదే చివరి మ్యాచ్. 94 మ్యాచ్‌లు, 26 గోల్స్, చేతిలో కప్పు లేదు. బంగారు తరం పెద్దవాళ్లుగా ఏమీ గెలవలేదు. అందుకని వాళ్లను విఫలులు అనేవాళ్లు ఉన్నారు. నేను అనను. 2016లో పోర్చుగల్ యూరో గెలిచిందంటే, పెద్ద టోర్నీలకు ప్రతిసారీ వెళ్లి ఎవరినైనా ఢీకొనవచ్చన్న అలవాటు ఆ దేశానికి నేర్పింది వీళ్లే. అంతకు ముందు వెళ్లడమే అరుదు.

మిలాన్ రోజుల్లోని ఒక ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. 2005 ఏప్రిల్ 12, చాంపియన్స్ లీగ్‌లో మిలాన్, ఇంటర్ జట్ల మ్యాచ్. ఓడిపోతున్న ఇంటర్ అభిమానులు మండుతున్న కాగడాలు విసిరారు. ఒకటి మిలాన్ గోల్‌కీపర్ దీదా భుజానికి తగిలింది. ఆట ఆపేశారు. మైదానమంతా ఎర్రటి పొగ. ఇంటర్ డిఫెండర్ మతెరాజీ, పక్కనున్న ప్రత్యర్థి రుయ్ కోస్టా భుజం మీద మోచెయ్యి ఆనించి, ఇద్దరూ ఆ పొగ వైపు చూస్తూ నిలబడ్డారు. రాయిటర్స్ ఫోటోగ్రాఫర్ తీశాడు. ఎవరికీ పాస్ ఇవ్వకుండా, ఊరికే నిలబడి, రుయ్ కోస్టా ప్రపంచంలో చాలామందికి తెలిసింది ఆ బొమ్మ ద్వారానే. నాకు అది అన్యాయం అనిపిస్తుంది.

తిరిగి ఇంటికి

2006 మే. మిలాన్‌తో ఒప్పందం ఇంకా మిగిలి ఉంది. కూర్చున్నా జీతం వస్తుంది. దాన్ని వదులుకుని, చాలా తక్కువ జీతానికి బెన్ఫికాకు తిరిగి వచ్చాడు. పన్నెండేళ్ల తర్వాత. ఇప్పుడు చెప్పండి, 1996లో కార్చిన కన్నీళ్లు నాటకమేనా?

మొదటి సీజన్ గాయాలతో పోయింది. రెండోదానిలో, ముప్పై అయిదేళ్ల వయసులో, చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచ్‌లో కోపెన్‌హాగన్ మీద 2–1తో గెలిస్తే రెండు గోల్స్ అతనివే. 2008 మే 11న విటోరియా సెటుబల్‌తో చివరి మ్యాచ్. 3–0. ముగియడానికి కొద్ది నిమిషాల ముందు బయటికి పిలిచారు. ఈసారి ఎంత నెమ్మదిగా నడిచినా ఏ రెఫరీ కార్డు తీయలేదు.

వెంటనే అదే క్లబ్బులో ఫుట్‌బాల్ డైరెక్టర్ అయ్యాడు. ఆ వేసవిలోనే అర్జెంటీనా ఆటగాడు పాబ్లో ఐమార్‌ను తెచ్చి, తాను వదిలిన 10 నంబరు జెర్సీ అతనికి ఇచ్చాడు. 2010లో బెన్ఫికా లీగ్ గెలిచింది. 2021 జూలైలో అప్పటి అధ్యక్షుడు న్యాయ విచారణ వల్ల తప్పుకుంటే ఆ కుర్చీ ఇతనికి వచ్చింది. బెన్ఫికాలో అధ్యక్షుణ్ణి సభ్యులు ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఆ అక్టోబరులో 84 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. 2023లో మళ్లీ లీగ్. 2025 నవంబరులో మళ్లీ అతన్నే ఎన్నుకున్నారు, అయితే ఈసారి పోటీ గట్టిగానే జరిగింది.

ఎందుకు గట్టిగా జరిగింది? అది చెప్పి ముగిస్తాను. జువావ్ నెవెస్ అనే కుర్రవాడు బెన్ఫికాలోనే పెరిగాడు. మిడ్‌ఫీల్డరే. అభిమానులకు ప్రాణం. 2024 ఆగస్టులో, పందొమ్మిదేళ్ల వయసులో, అతన్ని సుమారు 6 కోట్ల యూరోలకు పారిస్‌కు అమ్మారు. అమ్మకానికి ఒప్పుకున్న అధ్యక్షుడు ఎవరు? 1994లో అదే క్లబ్బు అమ్మిన కుర్రవాడే. మరుసటి ఏడాదే నెవెస్ పారిస్ జట్టుతో యూరప్ చాంపియన్ అయ్యాడు. పోర్చుగల్ లీగ్‌కు టీవీ డబ్బు తక్కువ, ఆటగాళ్లను పెంచి అమ్మితేనే పెద్ద క్లబ్బు కూడా నిలబడుతుంది, ఆ లెక్క నాకు తెలుసు. అయినా ఆ నొప్పి ఏమిటో తెలిసిన మనిషి ఇంకో సీజన్ ఆపి ఉండవలసింది అని నేను అంటాను. మీలో కాదనేవాళ్లు ఉంటారు. వెనక వరుసలో ఒకరు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు. చెప్పు బాబూ, ముందు నువ్వే మొదలుపెట్టు.